కాకులకి కట్టిన డిస్కు

"ఆదివారం రమేష్‌బాబువాళ్ళు వస్తన్నారు. ఈలోగా డిస్కులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేయి. రోజంతా ఇంట్లోనే కదా ఉంటావు" అన్నారు మా ఆయన గణపతిరావు, షూ లేసులు కట్టుకుంటూ.

ఆయనకి పాటలంటే ప్రాణం. ముందుగదిలో నిలువెత్తు స్పీకర్లు, మధ్యలో స్టీరియో, గోడ పొడుగునా డిస్కుల అరలు. ఈమధ్య ఆ స్టీరియోకి పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చని తెలిసి, లేచి డిస్కు మార్చే శ్రమ తప్పుతుందని మురిసిపోయారు. శ్రమ తప్పింది ఆయనకి. ఒక్కో డిస్కునీ మెత్తటి గుడ్డతో తుడవాలి, లాప్‌టాప్‌లో పెట్టాలి, పాటల్ని ఎంపీత్రీలుగా మార్చాలి, పేర్లు కొట్టాలి. పేరు ముందు నంబరు వెయ్యకపోతే స్టీరియో తన ఇష్టం వచ్చిన వరసలో పాడుతుంది. కిందటిసారి అలాగే జరిగితే, "డిగ్రీ ఎలా పాసయ్యావో" అని తన స్నేహితుడు రమేష్‌బాబుగారి ముందే అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచి కుక్కర్ కూతకి పొయ్యి దగ్గరికీ, లాప్‌టాప్ 'టింగ్' మంటే ముందుగదికీ పరిగెడుతూ, నంబరు వేశానా లేదా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను. ఏ డిస్కు మీద గీత కనబడినా అది నావల్లే పడిందేమోనని గుండె జల్లుమంటుంది.

గురువారం మధ్యాహ్నం బట్టలు తీద్దామని మేడ మీదికి వెళ్ళాను. మా అత్తగారు మినపవడియాలు ఎండబెట్టి, కాకులు రాకుండా తాడుకి పాత డిస్కులు వేలాడదీశారు. గాలికి అవి తళుక్కుమంటున్నాయి. వాటిలో ఒకదాని మీద నీలం స్కెచ్‌పెన్నుతో 'యమున' అని ఉంది. నా రాతే.

విజయనగరం సంగీత కళాశాలలో చివరి ఏడాది నా స్నేహితురాలు తులసి రికార్డు చేసి ఇచ్చిన పాటలవి. నా గొంతు నాకు దక్కింది ఆ ఒక్క చోటే. పెళ్ళైన కొత్తలో ఎంతో ఆశగా ఆయనకిచ్చాను. అరనిమిషం విని, "రికార్డింగ్ బాగాలేదు, నా స్పీకర్లకి ఇది సరిపోదు" అని ఆపేసి అరలో పెట్టేశారు. ఆ తర్వాత మళ్ళీ పెట్టమని అడగలేదు. అడగకపోవడం ఎప్పుడు అలవాటైందో కూడా తెలీదు.

డిస్కు విప్పి పట్టుకుని కిందికి వచ్చి, ఇది మీ దగ్గరికెలా వచ్చిందని అత్తగారినడిగాను.

"ఆడే ఇచ్చినాడే, పనికిరావని. దాని మీద నీ పేరున్నాదని నాకేటి తెలుసు?" అన్నారావిడ, బెదిరిపోయి.

సబ్బునీళ్ళతో కడిగి స్టీరియోలో పెట్టాను. ట్రే లోపలికి వెళ్ళింది. లోపల ఏదో గరగరా తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. గీతలున్న డిస్కు పెడితే లెన్సు పాడవుతుందని ఆయన ఎన్నిసార్లు చెప్పారో గుర్తొచ్చింది. బటన్ నొక్కితే ట్రే బయటికి రాదు. వీధిలో వెళ్ళే ప్రతి స్కూటరూ ఆయనదే అనిపించింది. ప్లగ్గు పీకి మళ్ళీ పెడితే ఎట్టకేలకు డిస్కుని బయటికి తోసింది. అయినా అక్కడితో ఆగలేకపోయాను. లాప్‌టాప్‌లో పెట్టాను. చాలా పాటలు తునాతునకలైపోయాయి. మొదటి పాట ఒక్కటే పూర్తిగా వచ్చింది.

దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. భయమేసి తీసేశాను. మళ్ళీ పెట్టాను. శుక్రవారం, శనివారం ఇదే పని. ఆదివారం ఆయన వచ్చి పెన్‌డ్రైవ్ లాక్కుని స్టీరియోకి గుచ్చేసే సమయానికి పాట అందులోనే ఉంది.

రమేష్‌బాబుగారూ, వాళ్ళావిడ అరుణశ్రీ వచ్చారు. ఇవన్నీ తానే కూర్చుని ఎక్కించినట్టు మా ఆయన చెబుతుంటే నేను వంటింట్లో బజ్జీలు వేస్తున్నాను. చెవులు మాత్రం ముందుగదిలోనే ఉన్నాయి. ఒక పాట అయిపోయింది. తర్వాత తంబురా శ్రుతి, దాని మీద నా గొంతు. చేతిలో జల్లిగరిటె జారిపోయింది. ఇప్పుడు అరుస్తారు, వాళ్ళ ముందే ఏదో ఒకటంటారు అనుకుంటూ స్టవ్వు ఆపి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఎవరండీ ఈవిడ? ఎంత బాగా పాడతన్నారు" అన్నారు రమేష్‌బాబుగారు.

"పాత రేడియో ఆర్టిస్టు" అన్నారు మా ఆయన, కళ్ళు సగం మూసుకుని తల ఊపుతూ. "ఈ రికార్డింగ్ ఇప్పుడెక్కడా దొరకదు. కష్టపడి సంపాదించాను."

తిడతారని ఇన్నాళ్ళూ భయపడ్డాను. గుర్తుపట్టరని మాత్రం అనుకోలేదు. పక్కనే పడుకుని, పక్కనే తిని, రోజుకి పదిసార్లు నన్ను పిలిచే మనిషికి నా గొంతు ఏ పరాయిదో అయిపోయింది.

నడవలో వెల్లుల్లి ఒలుస్తున్న అత్తగారు తలెత్తారు. "ఆర్టిస్టేట్రా? అది యమున గొంతు కాదేటి? రోజూ వంటింట్లో పాడుకుంతాది. నీకినబడదేటి?"

పాట ఇంకా సాగుతూనే ఉంది. ఆయన మొహం ఎర్రబడింది. "ఎంపీత్రీ కదా, కంప్రెస్ చేస్తే గొంతు మారిపోతాది" అంటూ రిమోట్ కోసం చెయ్యి చాపారు.

"ఉంచండన్నయ్యా, పూర్తవనివ్వండి" అంది అరుణశ్రీ.

పాట అయ్యేదాకా నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. పైస్థాయిలో ఒకచోట నా గొంతు కొంచెం వణికింది. అప్పుడూ భయమే కాబోలు. అయినా వదిలిపెట్టకుండా ఆ స్వరం మీద నిలబడింది ఆ పిల్ల.

అరుణశ్రీ నావైపు తిరిగింది. "వదినా, మా పాపకి సంగీతం నేర్పించాలని ఎప్పట్నుంచో ఎతుకుతన్నాను. నువ్వు సెప్తావేటి?"

"చూద్దాంలేమ్మా" అన్నారు మా ఆయన వెంటనే. "ఆవిడకి ఇంటి పనే తెమలదు. మేం ఆలోచించుకుని సెప్తాం."

"రేపు సాయంత్రం పంపించు, అరుణా" అన్నాను.

ఆ మాట అనే ముందు ఆయన మొహం వైపు చూడలేదని, అనేశాక గానీ నాకు తెలియలేదు.