నాన్న రోగి, మేం డాక్టర్లం

రాత్రంతా రొట్టెల కంపెనీలో పనిచేసి తెల్లవారి ఇంటికొచ్చి, చెవుల్లో పిండి మిషను హోరు తగ్గకముందే మంచమెక్కడం ఆయనకు అలవాటు. నిరుడు వేసవి సెలవుల దాకా ఇబ్బంది లేదు. ఫోను పిల్లల చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే, సాయంత్రం దాకా చీమ చిటుక్కుమన్నా వినబడేది.

ఈ ఏడు సెలవులకి బుడ్డోడు మాటిమాటికీ కళ్ళు ఆర్పడం మొదలుపెట్టాడు. కళ్ళ డాక్టరు ఫోనూ టీవీ పూర్తిగా మాన్పించమంది. బస్టాండులో టికెట్లిచ్చే భార్య ఆ మాటని పట్టుకుని టీవీ తీగను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన ఫోనుని తన సంచిలో వేసుకుని పనికి పోతోంది.

"పిల్లల్ని ఆడించడం కూడా ఒక పనేనా?" అని అంతకుముందు ఆమెతో అన్నది ఆయనే. నాలుక కరుచుకున్నా ఇప్పుడు లాభమేముంది?

వారం తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దాగుడుమూతలాడితే మంచం కింద దాక్కుని అక్కడే నిద్రపోయాడు. గురకే ఆయన్ని పట్టిచ్చింది. ఆ ఆట చెల్లదని జడ్జిగారు తీర్పిచ్చింది. జడ్జిగారంటే కూతురే. రెండో తరగతి పూర్తి చేసింది. ఇంట్లో ఏ తగవొచ్చినా తీర్పు తనదే కనుక ఆయన పెట్టిన పేరది.

ఇంట్లో దొరకని నిద్ర కంపెనీలో వెతుక్కుంటూ వచ్చింది. మిషను ముందు నిలబడే తూగాడు. పక్కవాడు చూసి మిషను ఆపే ఎర్ర మీట నొక్కబట్టి చొక్కా చెయ్యి చిరిగి అసలు చెయ్యి మిగిలింది.

"ఇంకోసారి తూగావంటే ఇంటి దగ్గరే పడుకో. ఇక్కడికి రాకు," అన్నాడు సూపర్‌వైజరు.

ఆ సంగతి భార్యకి చెప్పి, "రోజూ ఒక్క గంట వాళ్ళకి ఫోనివ్వవే," అని బతిమాలాడు.

"వాడి కళ్ళు చూశావా? పోనీ నన్ను ఉద్యోగం మానేయమంటావా?"

మానేయమనే ధైర్యం ఆయనకు లేదు. ఇద్దరి జీతాలూ కలిస్తేనే ఇల్లు గడుస్తోంది.

అప్పుడు తట్టిందాయనకు, బ్రహ్మాండమైన ఆలోచన. తను రోగి, పిల్లలు డాక్టర్లు. సరైన మందు పడితేనే రోగి లేస్తాడు. అప్పటిదాకా పిలిచినా పలకడు, గిల్లినా కదలడు. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నానా అని తనని తనే మెచ్చుకున్నాడు. గుమ్మం దాటకూడదన్న షరతు పెట్టడం మాత్రం మర్చిపోయాడు.

మొదట్లో ఆట భేషుగ్గా సాగింది. తలకి అమ్మ చున్నీతో కట్టు కట్టారు, నుదుటికి పళ్ళ పేస్టు రాశారు, చెంచాతో నీళ్ళు పోశారు. ఆయన మధ్యమధ్యలో లేచి, "అబ్బ, ఈ మందుకి తగ్గింది!" అని మళ్ళీ కొత్త జబ్బుతో పడిపోయేవాడు.

కంపెనీలో పని మరీ ఎక్కువైన మర్నాడు మాత్రం లేవలేదు. నిజంగానే ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

కళ్ళు తెరిచేసరికి ఎవరో ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నారు. పెద్దరోడ్డు అవతల మందుల షాపాయన. గుమ్మం నిండా జనం.

"మీ పిల్లలు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని మా షాపుకొచ్చారండీ. నాన్న లేవట్లేదు, సరైన మందివ్వండి అని ఒకటే ఏడుపు. లారీలు తిరిగే రోడ్డండీ అది!"

ఆయన నుదుటి మీద పేస్టుతో, తలకి చున్నీతో అంతమంది ముందు కూర్చుని పిల్లల పాదాలు చూశాడు. చెప్పుల్లేవు. మిట్టమధ్యాహ్నపు తారు రోడ్డు మీద నడిచి అరికాళ్ళు కందిపోయాయి. ఇద్దర్నీ లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"నాన్నా, ఇది ఆటేనా?" అన్నాడు బుడ్డోడు వెక్కుతూ.

"ఆటే నాన్నా."

"మరి మందు వెయ్యకుండానే ఎందుకు లేచావ్?"

సాయంత్రం భార్యకి అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. ఆమె సంచిలోంచి ఫోను తీసి చాప మీద పెట్టింది. బుడ్డోడు దాని వైపు చూస్తూ టపటపా కళ్ళు ఆర్పాడు. ఆమె మళ్ళీ తీసి సంచిలో వేసుకుంది.

"ఏం చేద్దామో నువ్వే చెప్పు," అంది.

"నాకూ తెలీట్లేదే."

మర్నాడు పొద్దున ఆయన మంచం మీద కళ్ళు బలవంతంగా తెరుచుకుని కూర్చున్నాడు. రాత్రికి మళ్ళీ ఆ మిషను ముందు నిలబడాలి. జడ్జిగారు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

"నువ్వు పడుకో నాన్నా. మేం అల్లరి చెయ్యం. కొత్త ఆట కనిపెట్టాం."

"ఏం ఆటమ్మా?"

"నిన్ను చూసే ఆట. నీ పొట్ట పైకొస్తే బతికున్నట్టు. రాకపోతే ముందు చూసినవాళ్ళు పక్కింటి పిన్నిని పిలవాలి."

ఇద్దరూ మంచం పక్కన గడ్డాలకి చేతులానించుకుని, ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. ఫోను చూసేటప్పుడు కూడా అలాగే కూర్చునేవాళ్ళు. ఎక్కడ ఓడిపోతానోనని బుడ్డోడు కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. ఇన్నాళ్ళూ ఆయన కోరుకున్నదీ ఇదే. ఒళ్ళంతా నిద్ర కోసం పీక్కుపోతోంది, ఆ నిద్రంటేనే ఆయనకు భయమేస్తోంది. కళ్ళు మూసుకుని, పిల్లలకి బాగా కనబడేలా, పొట్టని పైకీ కిందికీ ఆడిస్తూ పడుకున్నాడు.