కూల్చని గుడిసె

చావు జరిగిన చోట ఆఫ్రికాలోని సంఘా నది ఒడ్డు అడవి మనుషులు మళ్ళీ పొయ్యి వెలిగించరు. గుడిసెలు కూల్చి, నిప్పు మోసుకుని వేరే చోటికి పోతారు. మోబాయికి ఆ సంగతి తెలియక కాదు. భార్య ఎలంగా పోయేనాటికి కూతురు సోపో ఇంకా పాలు మరవలేదు. అడవి చూడవచ్చే యాత్రికులకు దారి చూపే పని దగ్గరలోనే ఉందంటూ అతను అక్కడే ఉండిపోయాడు.

"మతి పోయిందా మరిదీ? చచ్చినదాని వాకిట్లో బతికినదాన్ని పెంచుతావా?" అని ఎలంగా అక్క సెంగా దుమ్మెత్తి పోసింది.

"పిల్ల కాస్త నడవనీ వదినా, పోదాం."

పిల్ల నడిచింది, పరుగులూ తీసింది. పెద్దమనిషి మాత్రం కదల్లేదు. పని ఒక వంక. ఎలంగా తన చేతులతో ఆకులు కప్పిన గుడిసెను కూల్చడానికి అతనికి మనసొప్పలేదు.

ఒకనాటి పొద్దున ఇద్దరు యాత్రికులతో గొరిల్లాల జాడ తీస్తున్నాడు. నమిలి పారేసిన కాడలు ఇంకా తడిగా ఉన్నాయి. ఈలోగా వాళ్ళకు సరదాగా ఉంటుందని ముక్కు నొక్కుకుని జింకపిల్లలా కూశాడు. ఆ కూతకు తల్లిజింక వస్తుంది, ఒక్కోసారి చిరుతా వస్తుంది.

ఆ రోజు రెండూ రాలేదు. పొదల అవతల నుంచి బదులు కూత వచ్చింది, చివర్లో చిన్న ఎక్కిలితో. ఎలంగా అలాగే కూసేది. ఆ ఎక్కిలి విని వేటలో ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వేవారు. మోబాయి గుండె జల్లుమంది. వెంటనే, సిగ్గు లేకుండా, సంతోషమూ కలిగింది.

"ఏమిటది?" అన్నాడో యాత్రికుడు.

"జింకే బాబూ," అని అబద్ధమాడాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సోపో గుడిసె ముందు ముక్కు నొక్కుకుని కూస్తోంది. చివర్లో అదే ఎక్కిలి.

"ఎవరు నేర్పారే నీకు? పెద్దమ్మా?"

"పెద్దమ్మకి రాదు నాన్నా," అని పిల్ల కిసుక్కున నవ్వింది. "అమ్మ నేర్పింది. నేను కూస్తే తనూ కూస్తుంది. రోజూ ఇంకొంచెం దూరం పోయి కూస్తుంది. రేపు వాగు అవతలికి రమ్మంది."

 పొద్దుటి పిలుపు తనకేనని మురిసిపోయాడు మోబాయి, వెర్రినాగన్న! అది పిల్ల కోసం.

ఇంకేం ఆలోచించలేదు. గుడిసె మీద చెయ్యి వేశాడు. ఇంతకాలం కూల్చడానికి జంకాడు కానీ, ఎండుటాకులు ముట్టుకుంటేనే రాలిపోయాయి. పిల్లను కనిపెట్టుకుని అక్కడే ఉంటున్న సెంగా, మోసుకుపోవడానికి పొయ్యిలోంచి కొరివి అందుకుంది.

"వెళ్ళొస్తాననకు మరిదీ. పోతున్నానని చెప్పు."

"పోతున్నామే ఎలంగా," అని అతను భోరున ఏడ్చాడు. "దీన్ని నాకొదిలెయ్యవే."

వాగుకు వీపు తిప్పి ఏనుగుల బాట పట్టారు. కొంత దూరం వెళ్ళాక వెనక నుంచి కూత వినిపించింది. ఎక్కిళ్ళు ఆగడం లేదు. భుజం మీదున్న సోపో చెయ్యి మెల్లగా ముక్కు దాకా లేచింది. మోబాయి ఆ చేతిని గట్టిగా పట్టుకుని నడిచాడు.

"అమ్మ ఒక్కతే అయిపోతుంది నాన్నా."

"తెలుసు తల్లీ," అన్నాడు.