ఆమ్‌స్ట్రాడ్ పక్కన తొమ్మిది

1985 నవంబరు 14, గురువారం మధ్యాహ్నం, స్టాక్‌పోర్టులోని ఒక కంప్యూటర్ ఆటల పత్రిక కార్యాలయంలో, సమీక్షకుడు డెస్మండ్ క్రాబ్‌ట్రీ ప్రెస్సుకు వెళ్లాల్సిన పేజీ మీంచి తన ముఖాన్ని కత్తిరించేశాడు.

ఆ పత్రికలో సమీక్షకుల ఫొటోలు వేయరు. ఒక్కొక్కరికీ మూడు బొమ్మలు గీయించి పెట్టుకున్నారు: నవ్వేది, మామూలుది, మొహం చిట్లించేది. పదికి ఇచ్చిన మార్కును బట్టి పక్కన బొమ్మ అతికిస్తారు. చాలామంది పాఠకులు సమీక్ష చదవరు, బొమ్మ చూసి ఆట ఉన్న క్యాసెట్ కొంటారు.

ఆ నెల ఒక అంతరిక్ష ఆటను నాలుగు కంప్యూటర్ల మీద పోల్చాలి. స్పెక్ట్రమ్, కమొడోర్, బీబీసీ కంప్యూటర్ల క్యాసెట్లు ముందే వచ్చాయి. డెస్మండ్ ఆడి మార్కులిచ్చాడు. నాలుగోదైన ఆమ్‌స్ట్రాడ్ క్యాసెట్ గురువారం ఉదయం టపాలో వచ్చింది.

మధ్యాహ్నానికి అతను ఎడిటర్ విల్ఫ్ ఆగ్డెన్ గదికి వెళ్లాడు. విల్ఫ్ కాగితం పొట్లంలోని చిప్స్ తింటున్నాడు. బల్ల మీద రంగుల పేజీ ఉంది. ఆమ్‌స్ట్రాడ్ పక్కన తొమ్మిది. దాని పక్కన డెస్మండ్ నవ్వు బొమ్మ.

"ఇదెవరిచ్చిన మార్కు?"

"రంగుల పేజీలు ముందే పోవాలి కదయ్యా. నువ్విచ్చేది అదేలే అని వేసేశా."

"నేనిప్పుడే ఆడొచ్చాను విల్ఫ్. స్పెక్ట్రమ్ ఆటనే ఎత్తుకొచ్చి ఇందులో కుక్కారు. ఓడ గంజిలో ఈదినట్టు కదులుతోంది. మూడో అంతరిక్ష స్టేషన్‌లో దిగగానే తెర నల్లబడుతోంది. మూడుసార్లు ఎక్కించా, మూడుసార్లూ అంతే. డబ్బా వెనకేమో కమొడోర్ ఆటలోని బొమ్మలు!"

"మన వెనక అట్ట మీద ఈ ఆట కంపెనీవాళ్లదే ప్రకటన. క్రిస్మస్ సంచిక. కాస్త పెద్ద మనసు చేసుకో."

"ఆట పూర్తికాదండీ బాబూ! దీనికి తొమ్మిదా? వాంతొస్తోంది నాకు."

"చిప్స్ తినేవాడి దగ్గరా ఆ మాట?" విల్ఫ్ పొట్లం ముందుకు తోశాడు. "తీసుకో. వెనిగర్ బాగా పట్టింది."

"మార్కు మీరే ఇచ్చుకోండి. నా మొహం మాత్రం వద్దు. దాన్ని చూసే కొంటారు జనం."

"నీ మొహానికంత గిరాకీ ఉందని మీ ఆవిడకి తెలుసా?"

డెస్మండ్ బల్ల మీది బ్లేడు తీసుకున్నాడు. బొమ్మ చుట్టూ కోసి, ఊడదీసి, విల్ఫ్ టీ కప్పులో వేశాడు. టీ అప్పటికే చల్లారిపోయి ఉంది. కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కార్యాలయానికి రాలేదు.

విల్ఫ్ చేతులు తుడుచుకుని సొరుగు తెరిచాడు. ప్రతి బొమ్మకూ అదనపు నకళ్లు అందులో ఉంటాయి.

డిసెంబరులో సంచిక దుకాణాలకు వచ్చింది. ఆమ్‌స్ట్రాడ్ పక్కన తొమ్మిది ఉంది. దాని పక్కన డెస్మండ్ నవ్వుతున్నాడు.