స్వైర్ గుట్టకి అటూ ఇటూ

పాప ఎఫీ పాలు తాగి నిద్రపోయేసరికి పదిన్నర దాటింది. రోనా లెక్కప్రకారం పదింటికే బయల్దేరాలి. మెట్ల దగ్గర పెట్టిన చిన్న గేటు మూసింది, గొళ్ళెం పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మూడోసారి లాగింది.

అత్తగారు నెట్టా టీ కప్పు పట్టుకుని ఇదంతా చూస్తూ కూర్చుంది.

"అమ్మడూ, ఆ గేటుకి కాళ్ళొచ్చి ఎక్కడికీ పోదు. నువ్వు పో."

"ఒంటిగంటకల్లా వచ్చేస్తాను. మధ్యలో లేస్తే..."

"లేస్తే ఎత్తుకుంటాను. ఏడిస్తే పాడతాను. నా పాటకి అదే జడిసి నిద్రపోతుంది. సీసా మటుకు ముట్టదు, వాళ్ళ నాన్నలాగే మొండిఘటం. అందుకని ఒంటిగంట దాటనివ్వకు."

సైకిలు కొట్టంలో ఉంది. వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిలు, కంకర దారి మీద, గొర్రెల బాట మీద ఎక్కడైనా పోయేది. ఎఫీ కడుపులో పడ్డ దగ్గర్నుంచీ రోనా దాన్ని ముట్టలేదు. మొగుడు ఎవన్ పోయిన వారమే టైర్లలో గాలి నింపి, గొలుసుకి నూనె పెట్టి మళ్ళీ సముద్రం మీది గాలిమరల పనికి వెళ్ళిపోయాడు.

రోనా పుట్టింది ఈ ఎల్విన్ నది పక్కన కాదు. స్వైర్ గుట్టకి అవతల, క్వైర్ నది లోయలో. బీడు మీదుగా పాత పశువుల దారి పట్టుకుంటే పన్నెండు మైళ్ళు. రోడ్డు మీదైతే కొండలన్నీ చుట్టుకుని నలభై, బస్సు రెండుచోట్ల మారాలి. కారు నడుపుదామంటే పరీక్ష రెండుసార్లు తప్పింది. పక్కన మార్కులు రాసుకునే ఆయన కూర్చుంటే చాలు, ఆమెకి కుడేదో ఎడమేదో తెలిసేది కాదు. చదువూ అంతే, పదహారేళ్ళకే పరీక్ష హాల్లోంచి లేచి వచ్చేసింది. సైకిలు మీద మాత్రం ఎన్నడూ చెయ్యి వణకలేదు.

పెళ్ళయ్యాక మూడేళ్ళు, నెలకో శనివారం, ఆమె ఇటునుంచీ చెల్లెలు ఇస్బెల్ అటునుంచీ ఎక్కి గుట్ట కొసన రాళ్ళకుప్ప దగ్గర కలుసుకునేవాళ్ళు. గంటసేపు జున్ను రొట్టె తిని, మనసులో ఉన్నదంతా చెప్పేసుకుని, ఎవరి లోయలోకి వాళ్ళు దిగిపోయేవాళ్ళు. అలా కూర్చుని పదిహేడు నెలలైంది. పాపకి పేరు పెట్టిన రోజు ఇస్బెల్ వచ్చింది కానీ, ఇంటినిండా జనం. "కేకు తిన్నావా" అంటే "తిన్నాను" అనుకోవడంతోనే సరిపోయింది.

రోనాకి చెల్లెలితో చెప్పాల్సిన మాట ఒకటుంది. రాత్రుళ్ళు పాప ఊపిరి తీస్తోందో లేదో అని నాలుగైదుసార్లు లేస్తోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఆ వేలు నిజం చెప్పిందో లేదో అని మళ్ళీ పెడుతుంది. ఎవన్‌తో అంటే అక్కడ నీళ్ళ మధ్య దిగులు పెట్టుకుంటాడు. నెట్టాతో అంటే "మేం పెంచలేదా పిల్లల్ని" అంటుంది. ఇక ఫోనులో ఎవరు ఎలా ఉన్నావన్నా "బాగున్నా" అన్న మాటే నోట్లోంచి వస్తుంది. ఇది ఆ గుట్ట మీద, ఇస్బెల్ భుజం ఆనుకుని, ఎదురుగా క్వైర్ నది చూస్తూ చెప్పాల్సిన మాట. పన్నెండింటికి అనుకున్నారు. ఇస్బెల్‌కి రెండింటికి హావిక్ ఊళ్ళో ఉన్ని మిల్లు షిఫ్టు. పన్నెండున్నరకల్లా దిగిపోవాలి.

ఏటి పక్క దారి గబగబా గడిచిపోయింది. కాళ్ళు మరిచిపోలేదు. పొలాల చివర రాతిగోడ, గోడలో కొండగేటు. గేటు దాటితే ఇక అంతా హెదర్ పొదల బీడే, కనుచూపు మేరా ఊదారంగు మొగ్గలు. దిగి, గేటు దాటి, మళ్ళీ ఎక్కింది. ఎక్కుడు మొదలయ్యాక ఊపిరికి తప్ప దేనికీ తీరిక లేదు. ఒకచోట నల్లటి బురదనేల చక్రాన్ని మింగబోయింది, సైకిలు పక్కకి తిప్పేసింది. పైనెక్కడో భరతపక్షి ఆపకుండా వాగుతోంది. పదిహేడు నెలల తర్వాత మొదటిసారి పావుగంటసేపు పాప గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదన్న సంగతి గుర్తొచ్చి ఉలిక్కిపడింది.

ఇంకో పది నిమిషాల్లో కొస అనగా ఆగి, ఓట్స్ బిస్కత్తు కోసం జేబులో చెయ్యి పెట్టింది. బిస్కత్తుతోపాటు ఒక తాడు ముక్క చేతికొచ్చింది. గడ్డిమోపులు కట్టే నీలం తాడు.

ఎక్కడిదీ తాడు?

కింద ఎడమవైపు కొండభుజం మీదనుంచి కుక్క అరుపు వినిపించింది. చూస్తే తెల్లగా గొర్రెలు, వందలకి వందలు, పాలు ఒలికినట్టు గోడవైపు దిగుతున్నాయి. వాటి వెనక చీమంత నాలుగు చక్రాల బండి. ఈ బీడు మీద గొర్రెల్ని మేపే వాట్ ముసలాయన ఉన్ని కత్తిరింపుకి మందని దింపుతున్నాడు.

రోనా చేతిలోని తాడు వైపు చూసింది. మంద దిగే రోజున కొండగేటు బార్లా తెరిచి గోడకి తాడుతో కట్టేస్తారు. ఆ తాడు జోలికి పోకూడదని రెండు లోయల్లోనూ నడక రాని పిల్లలకి కూడా తెలుసు. గేటు ఎలా కనబడితే అలాగే వదిలిపోవాలి. ఆమె ఏం చేసింది? ముడి విప్పింది, గేటు మూసింది, గొళ్ళెం వేసింది. రెండుసార్లు లాగి కూడా చూసి ఉంటుంది. మెట్ల దగ్గర రోజుకి యాభైసార్లు చేసే పని చెయ్యి దానంతటదే చేసేసింది.

గేటు దగ్గర దారి ఇరుకు. ఒకవైపు గోడ, ఇంకోవైపు వాగు కోసిన లోతు. ముందరి గొర్రెలు మూసిన గేటుకి తగిలి ఆగితే, వెనకవి ఆగవు. వాట్ ఉండేది అందరికంటే వెనక, గేటు ఆయనకి కనబడదు. చిన్నప్పుడు నాన్న పొలంలో ఒకసారి అలాగే అయింది. మర్నాడు గోడవార నాన్న గొర్రెపిల్లల్ని వరసగా పడుకోబెట్టడం చూసింది.

ఫోను తీసింది. ఒక్క గీత కూడా లేదు. పైకి చూసింది, దారి మలుపు తిరిగి కొస కనబడటం లేదు. పైకెళ్ళి ఇస్బెల్‌కి ఒక్క మాట చెప్పి దిగితే? పైకి పది, కిందికి పదిహేను. గొర్రెలకి ఇరవై కూడా పట్టదు.

"ఇస్బెల్!" అని ఒక్క కేక పెట్టింది. గాలి ఎదురు. కేక ఆమె మొహానికే వచ్చి తగిలింది.

సైకిలు తిప్పింది.

అలా ఆ కొండ ఆమె ఎప్పుడూ దిగలేదు. బ్రేకుల మీద రెండేసి వేళ్ళు, ఒళ్ళంతా వెనక్కి, చక్రాల కింద రాళ్ళు బుల్లెట్లలా ఎగురుతున్నాయి. వాగు దగ్గర దిగి దాటాలి. దిగలేదు, నీళ్ళలోంచే పోనిచ్చింది. ఏడుపూ, దాన్ని తోసుకుంటూ ఎక్కడిదో ఉల్లాసమూ, రెండూ ఒకేసారి గొంతులోకి వచ్చాయి.

ముందరి గొర్రెలు రాయి విసిరేంత దూరంలో ఉండగా గేటు చేరింది. గొళ్ళెం తీసి, బార్లా తోసి, గోడకి అదిమిపెట్టి వీపు ఆనించి నిలబడింది. మంద ఆమెని ఒరుసుకుంటూ పోయింది. తల్లులకోసం గొర్రెపిల్లలు ఒకటే అరుపు. ఆ అరుపుకి రోనా చొక్కా ముందరంతా పాలతో తడిసిపోయింది.

చివర్న వాట్ వచ్చాడు. బండి ఆపి ఆమెనీ, బురదనీ, చేతిలోని తాడునీ చూశాడు.

"ఓసి పిల్లా! నేను కట్టిన తాడు నీ చేతిలో ఏం చేస్తోందే?"

"నేనే విప్పాను, వాట్. మూసేశాను. చాలా పైకి పోయాక తెలిసింది."

"క్వైర్ వాళ్ళ పిల్లవి, నువ్వు మూశావా? మీ నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కటీ పోలేదులే. పైదాకా వెళ్ళి తిరిగొచ్చావా, దీనికోసం?"

"పైదాకా వెళ్ళలేదు. ఇస్బెల్ అక్కడ కూర్చుని ఉంటుంది."

"అయితే పో. ఎక్కు. నెట్టాకి నేను చెబుతాను ఆలస్యమవుతుందని."

"చెబుతావు. పాలు కూడా నువ్వే ఇస్తావా?"

వాట్ తన చదునైన ఛాతీ వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఈ వయసులో కష్టమే" అన్నాడు. రోనాకి నవ్వొచ్చింది.

ఆయన మెడలోని దుర్భిణి తీసి ఇచ్చాడు. కొస మీద రాళ్ళకుప్ప, దాని పక్కన ఎర్రటి చుక్క. అద్దంలోంచి చూస్తే చుక్క ఇస్బెల్ అయింది. మోకాళ్ళ మీద పొట్లం, పొట్లం విప్పలేదు. దారి వైపే చూస్తోంది, ఈ దారి వైపే.

రోనా పసుపు కోటు విప్పి గోడ మీదికెక్కింది. కోటుని తల మీద గిరగిరా తిప్పింది. చేతులు పీకేదాకా తిప్పింది.

"లేచింది" అన్నాడు వాట్, ఈసారి దుర్భిణి తన కళ్ళకి పెట్టుకుని. "చూసింది. ఇదేంటి... సైకిలు ఎత్తిందే! రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తింది, పిచ్చిపిల్ల."

దుర్భిణి లేకుండానే కనబడింది రోనాకి, ఆకాశం మీద పుల్లంత.

"నాకు భయమేస్తోందే" అంది రోనా. గట్టిగా కాదు, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు. "రాత్రంతా దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటున్నానే."

వాట్ కుక్కని ఈలవేసి పిలిచాడు. అది ఆయన కాళ్ళ దగ్గరే ఉంది.

పైన ఇస్బెల్ సైకిలు దించింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత అటు తిరిగి క్వైర్ వైపు దిగిపోయింది, ముందు చక్రాలు, తర్వాత ఎర్రకోటు, ఆఖర్న తల. రోనా గోడ దిగలేదు. ఆ చోట ఇక రాళ్ళు తప్ప ఏమీ లేవని తెలిసినా చూస్తూనే ఉంది. ఒంటిగంటకి ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. ఇంటికి ఇరవై చాలు.