సచ్చి బతికిన సోమమ్మ

పట్టీలు ఉడుకుతున్న గంగాళంలో సోమమ్మ కర్ర తిప్పుతోంది. సబ్బు, మందు కలిసిన ఆవిరి ముఖానికి కొడుతుంటే కళ్ళు చికిలించుకుని, పైకి తేలిన గుడ్డను మళ్ళీ అడుక్కి తోసింది. దేవరకొండకు మూడు కోసుల దూరంలోని ఆ చిన్న మిషన్ దవాఖానలో పన్నెండేళ్ళుగా ఆమె పని ఇదే. పుండ్ల మీంచి తీసిన పట్టీలు ఉతకడం, ఉడకబెట్టడం, ఎండలో ఆరేసి చుట్టలు చుట్టడం. సోడాకు వేళ్ళు పగిలి గోళ్ళు తెల్లబారాయి. ఈ రెండు నెలలుగా కర్ర పదిసార్లు తిప్పితే ఆయాసం వస్తోంది. గోడకు చెయ్యి ఆనించి నిలబడి, తగ్గాక మళ్ళీ తిప్పుతుంది. డాక్టరమ్మకు చెప్పలేదు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెను సచ్చి బతికిన సోమమ్మ అంటారు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు కలరా గత్తర వచ్చింది. మొగుడు పోయిన మూడోనాడే ఆమె ఒళ్ళూ చల్లబడింది. గుంత తవ్వారు. చాపలో చుట్టబోతుంటే కాలి బొటనవేలు కదిలింది. దవాఖానకు మోసుకొచ్చారు. లేచి తిరిగాక ఆమె ఇక్కడే ఉండిపోయింది.

ఆ కాసేపట్లో ఏం చూశావని మిషన్ గుడిలో వాక్యం చెప్పే జకరయ్య పంతులు అప్పుడే అడిగాడు. ఆమె చెప్పింది నాలుగు ముక్కలే. కానీ ఏటా ఎండాకాలం ప్రార్థన కూడికలో సాక్ష్యం చెబుతుంటే ఆయన పక్కన నిలబడి అందించేవాడు. పరలోకంలో బంగారు వీధా సోమమ్మా? ముత్యాల గుమ్మమా? ఆమె "ఆ" అనేది. ఆయన చదువుకున్న మనిషి, తను చూసినదాని పేరు అదేనేమో అనుకుంది. పోనుపోను సాక్ష్యం అరగంటకు పెరిగింది. జనం ఏడ్చేవాళ్ళు.

ఈరోజు మళ్ళీ కూడిక.

పట్టీలు ఆరేస్తుంటే ఒక పడుచు వచ్చి తీగ అవతల నిలబడింది. గొర్లు కాసే వాళ్ళింటి సాలమ్మ. పది రోజుల కింద ఆమె తొమ్మిది నెలల బిడ్డ జ్వరంతో పోయింది.

"అవ్వా, నువ్వు ఆడికి పోయొచ్చినవంట గద."

"ఆ బిడ్డా."

"నా పిల్ల ఇంక నడక నేర్వలే. గోడ వట్టుకొని నిలవడుడే. గంత దూరం ఎట్ల పోయుంటది? ఎవలెత్తుకున్నరు?"

తడి పట్టీ సోమమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. బంగారు వీధి నోటిదాకా వచ్చింది. సాలమ్మ రవిక పాలతో తడిసి ఉంది. ఆ తడి చూశాక ఆ మాట బయటికి రాలేదు.

"కూసో బిడ్డా" అంది. ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు.

"నేను సూసింది జరంతనే. వాన వడ్డ చెలక చేను. నా ముంగట ఎవలో పోతుండె. ముఖం సూడలే, ఈపే సూసిన. నా కాళ్ళల్ల సత్తువ లేకుండె. నేను ఎనకవడ్డప్పుడల్ల ఆయన మెల్లగ నడుస్తుండె, నేను అందుకోవాలెనని. గంతే."

"పిల్లలున్నరా ఆడ?"

"సూడలే బిడ్డా. అబద్ధం జెప్ప."

సాలమ్మ తడిసిన రవిక మీదికి కొంగు లాక్కుంది.

"మెల్లగ నడిసిండు. గది సూసినవా?"

"గది సూసిన."

"గట్ల ఆగెటోడు నడవలేని పిల్లను ఇడిసిపెట్టి పోతడా" అంది సాలమ్మ, తనకు తనే చెప్పుకున్నట్టు. అప్పుడు ఏడ్చింది. పగిలిన చేత్తో వీపు రాస్తూ సోమమ్మ పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం పందిరి కింద మూడూళ్ళ జనం. సోమమ్మ లేచి ఆ నాలుగు ముక్కలే చెప్పి ఆగింది.

"బంగారు వీధి సంగతి చెప్పు సోమమ్మా" అన్నాడు పంతులు నవ్వుతూ.

"అది నేను సూడలేదయ్యా. మీరడిగితె 'ఆ' అన్న. తప్పు నాదే."

పందిరిలో గుసగుసలు లేచాయి. "గట్లయితె గిన్నేండ్లు చెప్పిందంత అబద్ధమేనా?" అని వెనక నుంచి ఎవరో గట్టిగానే అన్నారు. పంతులు ముఖం కందిపోయింది. బైబిలు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"ఆమెది కాదు తప్పు" అన్నాడు చివరికి. "చూడనిది చెప్పించింది నేను."

ఆ రోజు ఎవరూ ఏడవలేదు. పోతూ పోతూ కొందరు ముసలమ్మలు ఎప్పటిలాగే ఆమె చెయ్యి పట్టుకున్నారు, కొందరు పట్టుకోలేదు. సోమమ్మకు సిగ్గేసింది. చాలా రోజుల తర్వాత బాగా ఆకలి కూడా వేసింది.

పొద్దు వాలే వేళ పట్టీలు చుట్టడానికి అరుగు మీద కూర్చుంది. ఆరు చుట్టలయ్యాయి. ఏడోది సగంలో ఉండగా గోడకు తల ఆనించింది. దీపాలు ముట్టించడానికి వచ్చిన నర్సు సుగుణమ్మ పిలిస్తే పలకలేదు. ఈసారి పూడ్చడానికి ఎవరూ తొందరపడలేదు. తెల్లారేదాకా ఆగి చూశారు.

పూడ్చి వచ్చాక జకరయ్య పంతులు ఒక్కడే ఆమె గుడిసెకు వెళ్ళాడు. ఒక చాప, దండెం మీద రెండు చీరలు. పొయ్యి పక్కన మూత పెట్టిన చిన్న మట్టి గురిగి ఉంది. వంగి మూత తీశాడు. మర్నాడు పొద్దున గటక కాచుకుందామని ఆమె నానబోసుకున్న జొన్నలు, రెండు పిడికిళ్ళు, నీళ్ళు తాగి ఉబ్బి ఉన్నాయి.