గరిటెకు తగ్గ చేప

"అబ్బా!" అంటూ కొయ్య గరిటెతో కూర కలుపుతున్న ముసలమ్మ గిన్నె దగ్గర్నుంచి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎప్పుడూ తగలని ఆవిరి ఈ మధ్య వేళ్లకు తగులుతోంది.

పెద్దకోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏమైందత్తయ్యా?"

"ఈ గిన్నె లోతు పెరిగిందే."

"గిన్నెలు పెరుగుతాయా ఎక్కడన్నా?"

"అయితే నేనే తరిగిపోతున్నా. ముసలితనంలో మనిషి కుదించుకుపోతుందంటారుగా. ముందు చేతులే పోతాయి కాబోలు."

ఆ కొయ్య గరిటెకు పగలంతా పడవలో ఉద్యోగం. వలలో పడ్డ చేపను దాని పక్కన పడుకోబెట్టి, గరిటె కన్నా పొట్టిదైతే నీళ్లలోకి వదిలేయాలి. సాయంత్రం అదే గరిటె ఇంటికొచ్చి కూర కలుపుతుంది. "పిల్లల్ని కనే వయసుకైనా రానివ్వాలి కదే" అని ముసలమ్మ భర్త పెట్టిన పద్ధతి అది. ఆయన పోయినప్పట్నుంచి ఎవరు గుమ్మం దాటినా ఆవిడకు గుండె దడే. కూరగాయలవాడు సందు మలుపు తిరిగినా, మళ్లీ వస్తాడో రాడో అని దిగులు. చిన్న చేపలు వెళ్లిపోవడమొక్కటే ఆవిడను భయపెట్టదు. పెద్దవై తిరిగొస్తాయి కదా!

ఈ ఏడాది చేపలు తగ్గాయి. పడవ అమ్మేసి చెరో దారి చూసుకుందామని కొడుకులు గొణుక్కోవడం ఆవిడ చెవిన పడింది. అప్పట్నుంచి రోజూ కూర మాడింది. అంతలో ఉన్నట్టుండి బుట్టలు నిండసాగాయి. ముసలమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఇవాళ గరిటె తోముతుంటే పిడి కొస కంటపడింది. గరిటంతా నల్లగా ఉంటే, కొస మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది.

కొడుకులిద్దర్నీ పిలిచి నిలబెట్టింది. "ఎవర్రా కోసింది?"

పెద్దాడు తల గోక్కున్నాడు. "వేలెడేనమ్మా. ఇల్లు గడవద్దూ?"

చిన్నాడు ఉలిక్కిపడ్డాడు. "నువ్వూ కోశావా అన్నయ్యా? అంతకుముందే నేనో వేలెడు కోశానే!"

"అదా సంగతి! నేను కొయ్యకముందే చేపలు పొడుగైనట్టు కనబడితే, మన అదృష్టం అనుకున్నా!"

"పిల్లచేపలన్నీ ఊడ్చుకొచ్చారు. రేపు ఏం తెస్తార్రా?" అంది ముసలమ్మ. "చేపలు లేకపోతే పడవ ఉండదు. పడవ లేకపోతే మీరిద్దరూ ఒకచోట ఉండరు. నేను గుమ్మం పట్టుకుని ఎవడికోసం చూడాలి?"

ఆవిడ మూలనున్న పడవ తెడ్డు తీసి పెద్దాడి చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి ఇదే కొలత."

"తెడ్డంత చేప ఎక్కడిదే అమ్మా!"

"ఉండనిస్తే ఉంటుంది."

మర్నాడు పడవ కదల్లేదు. పెరట్లో రంపం చప్పుడు. ఒకడు చెక్క పట్టుకుంటే ఇంకొకడు కోశాడు. మధ్యాహ్నానికి కొత్త గరిటె తయారైంది. పాతది కొయ్యకముందు ఎంతుండేదో, దానికన్నా జానెడు పొడుగు.

"కోసిందానికి వడ్డీ" అన్నాడు చిన్నాడు.

"కొన్నాళ్లు సగం బుట్టే అమ్మా. సర్దుకుందాం. పడవ మాత్రం అమ్మం" అన్నాడు పెద్దాడు.

ముసలమ్మ కూర కలిపింది. ఆవిరి తగల్లేదు. పిడి కొస మాత్రం వెనకున్న పెద్దకోడలి పొట్టలో పొడిచింది.

"అమ్మో! అత్తయ్యా!"

"దూరంగా నిలబడవే" అని కసిరి, ముసలమ్మ అంతలోనే వెనక్కి తిరిగింది. "మరీ దూరం పోకు."