గొర్రెను కొయ్యని కత్తి

నేను ఒక కత్తిని. చచ్చిన పశువులను కోయడం నా పని. పేరొచ్చింది మాత్రం కోయని రోజున. ఎందుకొచ్చిందంటే నాకూ తెలియదు. జరిగింది చెబుతాను.

పాత లారీ కమాను ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. పదేళ్లు కటికె మస్తాన్ చేతిలో ఉన్నాను. అతని మేనల్లుడు ఖాసిం పశువ్యాధుల పరిశోధన కేంద్రంలో అటెండరు. అక్కడి కత్తులు ఎముక తగిలితే వంగిపోతున్నాయని మామను అడిగి నన్ను తీసుకుపోయాడు.

మస్తాన్ దగ్గర గొర్రె చావడానికి కోసేవాళ్లు. ఇక్కడ ఎందుకు చచ్చిందో తెలియడానికి కోస్తారు. గొర్రెకు ఇందులో తేడా ఏముందో నాకు అంతుపట్టలేదు. నేను కోసినప్పుడల్లా డాక్టర్ సుభాషిణి వంగి చూసేది. కాలేయం ముక్క సీసాలో వేసుకుని ఏదో రాసుకునేది. అంటురోగాల మీద ఆమె పరిశోధన. బతికున్న గొర్రెను ఎవరూ అంత శ్రద్ధగా చూడగా నేను చూడలేదు.

తొలివానలు పడ్డాక ఒకరోజు గొర్రెల కాపరి బీరప్ప కబురు పంపాడు. మందలో రెండు గొర్రెలు ఉన్నట్టుండి పడిపోయాయట. మేము వెళ్లేసరికి బీడులో చచ్చి పడున్నాయి. ఖాసిం నన్ను సంచిలోంచి తీశాడు. డాక్టరమ్మ గొర్రె ముక్కు దగ్గర కూర్చుంది. నల్లటి నెత్తురు కారుతోంది. గడ్డ కట్టలేదు.

"ఖాసిం, కత్తి లోపల పెట్టు."

నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. బీరప్పకూ కాలేదు.

"కొయ్యకుండానే చెప్తావా మేడం? ఇంగా నూరు గొర్రెలుండాయి నాకు. ఏం రోగమో తెలీకుంటే అన్నీ పోతాయి."

"కోస్తేనే పోతాయి బీరప్పా. ఇది దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్ లాగుంది. నెత్తురు మట్టిలో పడితే ఆ క్రిమి ఏళ్ల తరబడి చావదు. అక్కడ మేసిన గొర్రెకల్లా ప్రమాదమే."

చేతులకు తొడుగులేసుకుని చెవి దగ్గర ఒక్క చుక్క తీసి గాజుపలక మీద పూసింది. అంతే.

"చెవి గిల్లేదానికి ఇంత దూరం జీపేసుకోని వచ్చినారా సాయిబూ?" అన్నాడు బీరప్ప, ఖాసింతో.

డాక్టరమ్మ బీరప్ప బొటనవేలు చూస్తోంది. దాని మీద నల్లటి పుండు.

"అదేమిటి?"

"వారం కిందట ఒకటి సచ్చింటే కోసుకోని తింటిమి. చాకు గీసుకునింది. నొప్పేం ల్యాదులే."

నొప్పి లేదన్నాకే ఆమె ముఖం మారింది. దొమ్మ మనిషికి అంటితే పుండు నల్లబడుతుంది, నొప్పి మాత్రం ఉండదట. అతన్నీ, ఆ మాంసం తిన్న ఇంటివాళ్లనూ అప్పటికప్పుడు జీపులో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఖాసిం లోతుగా గుంత తీయించి, సున్నం పోసి గొర్రెలను పూడ్పించాడు. జీపెక్కే ముందు బీరప్ప మొలలోంచి తీయించిన చాకును కూడా అందులోనే వేయించాడు.

ఆ చాకు గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. నేను రోజూ చేసే పనే అదీ చేసింది. దాన్ని పూడ్చారు. సంచిలో ఊరికే ఉన్న నన్ను జాగ్రత్తగా కేంద్రానికి తెచ్చారు.

గాజుపలక మీది చుక్కలో దొమ్మే కనబడింది. మందకు టీకాలు వేశారు. బీరప్ప బతికాడు.

అరిగిపోయాక నన్ను కేంద్రంలో అద్దాల బీరువాలో పెట్టారు. కింద చీటీ అంటించారు. మొన్న గొర్రెల మందు కోసం వచ్చిన బీరప్పకు ఖాసిం అది చదివి వినిపించాడు.

"దొమ్మరోగాన్ని బయటపెట్టిన కత్తి."

"అబద్ధం రాసినారే. ఆ పొద్దు ఇది సంచిలో పండుకోనుండె గదా."

"పైవాళ్లకు నేనూ అదే చెప్పినా. చూద్దాంలే అన్నారు."

బీరప్ప అద్దం మీద బొటనవేలు ఆనించాడు. పుండు మానిన చోట గుంటపడి ఉంది.

"నా చాకు గూడా ఇట్లే పండుకోనుంటే బాగుండు," అన్నాడు.

నన్ను మెచ్చుకున్నాడో, ఎందుకూ పనికిరాలేదన్నాడో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.